తాకట్టులో శంకరాభరణం

కావేరి ఒడ్డున, కుంభకోణానికీ తిరువయ్యారుకీ మధ్య, కబిస్థలం అని ఒక ఊరుంది. గజేంద్ర వరదుడి కోవెల ఉన్న ఊరు, 108 దివ్యదేశాల్లో ఒకటి. పోతన పద్యాలు నోటికొచ్చిన తెలుగువాళ్ళకి ఊరి పేరు తెలియకపోయినా ఆ దేవుడు బాగా తెలుసు. సుమారు రెండు వందల ఏళ్ళ కిందట ఆ ఊళ్ళో రామభద్ర మూపనార్ అనే పెద్ద భూస్వామి ఉండేవాడు. సంగీతమంటే ప్రాణం పెట్టే మనిషి.

ఒక ఉదయం ఆయన ఇంటికి నరసయ్య వచ్చాడు. తంజావూరి కొలువులో పేరుమోసిన గాయకుడు. మూపనార్ అరుగు దిగి ఎదురెళ్ళాడు.

"రండి రండి, అయ్యవారూ. కబురు పెడితే బండి పంపేవాణ్ణి కదా."

"పని నాది. నేనే రావాలి."

కాళ్ళకి నీళ్ళిచ్చారు. మజ్జిగ ఇచ్చారు. నరసయ్య తాగి, గ్లాసు పక్కన పెట్టి, కాసేపు మాట్లాడలేదు. ఆయన వెంట తంబురా లేదు, శిష్యుడు లేడు. పాడటానికి వచ్చిన రాక కాదని మూపనార్‌కి అప్పటికే అర్థమైంది.

"చెప్పండి. ఎంత కావాలి?"

నరసయ్య చెప్పాడు. చిన్న మొత్తం కాదు.

"దానికేం, తీసుకెళ్ళండి."

"ఊరికే వద్దు. అప్పుగా ఇప్పించండి. తీరుస్తాను."

మూపనార్ నవ్వాడు. "అప్పంటే తాకట్టు ఉండాలి కదా అయ్యవారూ. ఏం పెడతారు?"

"ఆభరణం."

"ఏదీ, చూపించండి."

"చూపించేది కాదు, వినిపించేది. మహారాజు సభలో నాకు దక్కింది. శంకరాభరణం. మీ బాకీ వడ్డీతో సహా తీరేదాకా ఆ రాగం ఎక్కడా పాడను. గుడిలో పాడను, పెళ్ళిలో పాడను, రాజుగారు అడిగినా పాడను. పత్రం రాసిస్తాను."

మూపనార్ ఆ మాటకి నవ్వలేదు. కరణాన్ని పిలిపించాడు. పత్రం రాయించాడు. నరసయ్య సంతకం పెట్టాడు. సొమ్ము చేతికి వచ్చింది.

ఈ సంగతి రాసిపెట్టినవారు తమిళ పండితుడు ఉ.వే. స్వామినాథయ్యర్ (1855–1942). మరుగునపడ్డ తాళపత్రాలను వెతికి ప్రాచీన తమిళ కావ్యాలను అచ్చుకి తెచ్చిన మహానుభావుడాయన. తండ్రి వేంకటసుబ్బయ్యర్ సంగీత విద్వాంసుడు, ఘనం కృష్ణయ్యర్‌కి బంధువు, శిష్యుడు. ఆ కృష్ణయ్యర్ పేరు ముందున్న 'ఘనం' మన బొబ్బిలి నుంచి తంజావూరు వెళ్ళిన కేశవయ్య దగ్గర నేర్చిన ఘనమార్గం వల్ల వచ్చింది. అంటే తంజావూరి సంగీతకారుల కబుర్లు స్వామినాథయ్యర్‌కి ఇంట్లోనే, చిన్ననాడే అందాయి. కథ నడిచిన తీరు ఆయన చెప్పినది. మనుషుల నోటి మాటలు, వాళ్ళు కూర్చున్న తీరు, పాట సాగిన వైనం నేను ఊహించి రాస్తున్నవి.

అసలు ఒక రాగం ఒక మనిషి సొత్తు ఎలా అవుతుంది? శంకరాభరణం అందరిదీ. త్యాగరాజు అదే కాలంలో, కావేరి మీదనే, అదే రాగంలో కీర్తనలు కడుతున్నాడు. ముత్తుస్వామి దీక్షితులు కట్టాడు, శ్యామశాస్త్రి కట్టాడు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగులో అచ్చువేసిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో ఈ రాగానికి లక్షణమూ ఉంది, లక్ష్యాలూ ఉన్నాయి. 72 మేళాల్లో 29వది. చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్శ్రుతి ధైవతం, కాకలి నిషాదం. ఈ వివరాలు ఎవరైనా నేర్చుకోవచ్చు. వీటిని తాకట్టు పెడతానంటే కబిస్థలంలో పిల్లలు కూడా నవ్వుతారు.

నరసయ్య తాకట్టు పెట్టింది వీటిని కాదు. కీర్తన ఒకరు కట్టినది, ఇంకొకరు పాడవచ్చు. ఆలాపన అలా కాదు. దానికి సాహిత్యం లేదు, తాళం లేదు. ముందే కుదుర్చుకున్న వరస లేదు. తంబురా శ్రుతి పట్టుకుని కూర్చున్న గాయకుడు ఆ పూట, ఆ సభలో, ఆ గొంతుతో రాగాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తాడు. మనవాళ్ళు మనోధర్మం అన్నది దీన్నే. ముగిసిన మరుక్షణం అది లేదు. గ్రామఫోను పుట్టని రోజులు. నరసయ్య శంకరాభరణం నరసయ్య నోరు తెరిస్తేనే ఉంది. మూస్తే లోకంలో లేదు. పెట్టెలో దాచి తాళం వేసే నగకి కూడా ఇంత భద్రమైన తాళం ఉండదు.

ఆ బిరుదు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. తంజావూరుని రెండవ శరభోజి ఏలిన కాలం (1798–1832). ఏలిన అనడం మర్యాదకే. 1799లో జరిగిన ఒడంబడికతో రాజ్యపాలన ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది, రాజుకి కోట మిగిలింది, భరణం మిగిలింది. శరభోజి ఆ మిగిలినదాన్ని పుస్తకాల మీద, సంగీతం మీద ఖర్చుపెట్టాడు. ఇవాళ్టి సరస్వతీ మహల్ గ్రంథాలయం ఆయన పేరుతోనే ఉంది. ఆ సభలో నరసయ్య శంకరాభరణం పాడాడు. విన్న రాజు ఆ రాగాన్నే ఆయన ఇంటిపేరులా చేసేశాడు. అప్పటినుంచి ఆయన శంకరాభరణం నరసయ్య. అదే సంప్రదాయంలో తోడి సీతారామయ్య ఉన్నాడు. ఎనిమిది రోజులు తోడి ఒక్కటే పాడాడని చెప్పుకుంటారు. ఆయన కూడా డబ్బుకి ఇబ్బందిపడి తోడిని కుదవపెట్టాడని, రాజే విడిపించాడని మరో కథ ఉంది. తర్వాతి తరంలో పట్నం సుబ్రహ్మణ్యయ్యర్‌ని బేగడ సుబ్రహ్మణ్యయ్యర్ అన్నారు. 1980లో కె. విశ్వనాథ్ సినిమా వచ్చి, శంకరాభరణం శంకరశాస్త్రి అనే పేరు మన ఇళ్ళల్లో మారుమోగినప్పుడు, రాగాన్ని మనిషి పేరుకి చేర్చడం చాలామందికి సినిమా గొప్పతనంలా తోచింది. అది తంజావూరు సభ చేసిన పని.

బిరుదు ఒక రోజులో వచ్చి ఉండవచ్చు. దాని వెనక ఎంత సాధన ఉండాలో ఊహించండి. ఎనిమిది రోజుల తోడి మాట నిజమైనా పెరిగిన మాట అయినా, అసలు అలాంటి మాట పుట్టడానికి ఒక ఆధారం ఉంది. తంజావూరులో ఆలాపనకి ఒక శాస్త్రం ఉండేది. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి రాసిన 'చతుర్దండి ప్రకాశిక' సంగీతానికి నాలుగు దండాలు చెప్పింది. గీతం, ప్రబంధం, ఠాయం, ఆలాపం. అందులో ఆలాపనని అంచెలంచెలుగా విడదీశాడు. మొదటిది ఆక్షిప్తిక, వాడుకలో ఆయత్తం. ఆ తర్వాత రాగవర్ధని. ఆ పైన స్థాయి. అంటే ఒక స్వరం మీద కాలు ఊని, దాని చుట్టూ పైకీ కిందికీ తిరిగి, మళ్ళీ దాని దగ్గరికే వచ్చి, ఆ తర్వాత పై స్వరాన్ని పట్టుకోవడం. చివర్లో వేగంగా సాగే మకరిణి. ఆఖరున ముక్తాయి. నరసయ్య ఈ మెట్ల పేర్లు వల్లించి ఉండకపోవచ్చు. కానీ మెట్లు తెలియకుండా గంటల తరబడి ఒక రాగంలో ఎవరూ తిరగలేరు, తిరిగినా రెండో గడియలో చెప్పిందే చెప్పడం మొదలవుతుంది. మనోధర్మం అంటే తోచింది పాడటం అనుకునేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. తోచేలా మనసుని పన్నెండేళ్ళు దున్నుకున్నవాడికే సభలో ఏదైనా తోస్తుంది.

ఇక ఆ పత్రం మీద సంతకం పెట్టాక నరసయ్య బతుకు ఎలా ఉండి ఉంటుంది?

మొదటి కష్టం పొట్టది. ఆయనని పిలిచేవాళ్ళు ఆ రాగం కోసమే పిలుస్తారు. మగ్గం తాకట్టు పెట్టిన నేతగాడు అప్పు ఎలా తీరుస్తాడు? పాడితేనే సంభావన, సంభావన వస్తేనే బాకీ తీరేది. పాడవలసినదేమో కబిస్థలంలో పత్రంలో ఉంది.

రెండో కష్టం ఇంకా లోతైనది. సంగీతం తెలిసినవాళ్ళకే అర్థమయ్యేది. శంకరాభరణం ఇరుగుపొరుగు లేని రాగం కాదు. బిలహరి ఉంది. ఆరోహణలో మధ్యమ నిషాదాలు వదిలేస్తుంది. అవరోహణలో ఏడు స్వరాలూ దిగుతుంది, అవన్నీ శంకరాభరణం స్వరాలే. కేదారం ఉంది, ఆరభి ఉంది, నీలాంబరి ఉంది, బేగడ ఉంది. అన్నీ ఆ 29వ మేళం పిల్లలే. దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు కల్పించిన హంసధ్వని కూడా ఆ ఇంటిదే. కల్యాణికీ శంకరాభరణానికీ తేడా ఒక్క మధ్యమం. శంకరాభరణంలో మధ్యమాన్ని ఆధార షడ్జం చేసుకుంటే కల్యాణి వినిపిస్తుంది, గాంధారాన్ని చేసుకుంటే తోడి వినిపిస్తుంది. ఎటు తిరిగినా ఆ ఇల్లే కనిపిస్తుంది.

ఒక రాత్రి ఏదో ఊళ్ళో బిలహరి ఎత్తుకున్నాడనుకోండి. తారస్థాయి షడ్జం నుంచి దిగుతున్నాడు. స ని ద ప. గొంతుకి ఏళ్ళుగా అలవాటైన దారి ఎదురుగా ఉంది. ఇంకొక్క క్షణం నిషాదం మీద ఉండి, 'స ని ప' అని పంచమం మీద వాలితే చాలు, సభలో సగంమంది తలలు ఊపుతారు. బిలహరి అక్కడితో ఆగిపోతుంది, శంకరాభరణం లేచి నిలబడుతుంది. వినేవాళ్ళల్లో ఎవరూ ఆయన మీద ఫిర్యాదు చెయ్యరు. మూపనార్ అక్కడ లేడు. అయినా ఆయన ధైవతాన్ని ముట్టుకుని, పంచమానికి దిగి, అక్కణ్ణుంచి బిలహరిని మళ్ళీ పైకి నడిపించాలి.

ఎక్కడికి వెళ్ళకూడదో గొంతుకి తెలిసి ఉండటం మనోధర్మంలో సగం. రాగానికి రాగానికి మధ్య గట్లు స్వరాల్లో మాత్రమే ఉండవు, నిలుపులో ఉంటాయి, గమకంలో ఉంటాయి, ఏ స్వరం తర్వాత ఎంతసేపు ఊపిరి తీసుకుంటామో అందులో ఉంటాయి. ప్రతి గాయకుడూ ప్రతి రాత్రీ ఈ గట్లు కాస్తాడు. నరసయ్యకి ఆ గట్టు మీద ఒక పత్రం కూడా నిలబడి ఉంది. మామూలు గాయకుడు గట్టు దాటితే రాగజ్ఞానం ఉన్న నలుగురు ముఖం చిట్లిస్తారు. ఈయన దాటితే మాట తప్పినవాడవుతాడు. ఆ రోజుల్లో ఆయన పాడిన బిలహరి, ఆయన పాడిన ఆరభి ఎంత స్వచ్ఛంగా ఉండి ఉంటాయో అని నాకు అనిపిస్తుంది.

శిష్యుల సంగతీ ఆలోచించాలి. పాఠం చెబుతూ ఒక వర్ణం దగ్గర ఆగిపోవాలి. తెల్లవారుజామున కావేరిలో స్నానం చేసి వస్తూ తెలియకుండా వచ్చే కూనిరాగాన్ని కూడా ఆపుకోవాలి. పత్రంలో "సభలో" అని రాసుకుంటే సరిపోయేది. ఆయన "ఎక్కడా" అన్నాడు.

అప్పుడు కుంభకోణంలో పెళ్ళి వచ్చింది.

పెళ్ళి వాలీస్ అప్పురాయర్ ఇంట. తెల్లదొర దగ్గర కొలువు చేసి, ఆ దొర పేరే తన పేరు ముందు నిలుపుకున్న శ్రీమంతుడు. కాలం ఎటు మారుతోందో చూడండి. కోటలో రాజు దగ్గర డబ్బు తగ్గింది. కంపెనీతో పని ఉన్నవాళ్ళ దగ్గర, మూపనార్ లాంటి పొలాలున్నవాళ్ళ దగ్గర పెరిగింది. గాయకుడికి బిరుదిచ్చింది రాజు, అప్పిచ్చింది భూస్వామి, పెళ్ళిపాటకి పిలిచింది కంపెనీ ఉద్యోగి. ఇంకొన్నాళ్ళకి, 1855లో శరభోజి కొడుకు శివాజీ పోయాక, ఆ సభే లేకుండా పోయింది. ఆ తర్వాత సంగీతాన్ని నిలబెట్టింది ఇలాంటి ఇళ్ళే.

పందిట్లో నరసయ్య కచేరి మొదలైంది. కాగడాలు వెలుగుతున్నాయి. ముందు వరసలో మిరాసుదారులు, పక్కన పండితులు, స్తంభాల వెనక ఆడవాళ్ళు. రెండు మూడు రాగాలయ్యాయి. సభ మెచ్చింది. అయినా ప్రతి రాగం ముగిసినప్పుడు ఒక చిన్న నిరీక్షణ. ఇప్పుడు మొదలుపెడతాడా, ఇప్పుడు మొదలుపెడతాడా అని.

అప్పురాయర్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"అయ్యవారూ, మా ఇంటి శుభకార్యం. తమ శంకరాభరణం వినిపించండి."

నరసయ్య తలవంచాడు. "మన్నించాలి. అది తప్ప ఏదైనా అడగండి."

"అదేమిటి? గొంతు బాగాలేదా?"

"గొంతు బాగానే ఉంది. రాగం నా దగ్గర లేదు."

సభలో నవ్వు లేచింది. నరసయ్య నవ్వలేదు.

"కబిస్థలం మూపనార్‌గారి దగ్గర తాకట్టులో ఉంది. బాకీ తీరేదాకా పాడనని పత్రం రాసిచ్చాను."

అప్పురాయర్ ముందు నమ్మలేదు. ముఖం చూసి నమ్మాడు. ఇక్కడ ఆయన రెండు పనులు చేసి ఉండవచ్చు. నా ఇంట్లో పాడితే మూపనార్‌కి ఎవరు చెబుతారు అనవచ్చు. నా పెళ్ళికి పిలిస్తే ఇదా మర్యాద అని కోపగించవచ్చు. రెండూ అనలేదు. అసలూ వడ్డీ లెక్క కట్టించి, నమ్మకమైన మనిషి చేతికిచ్చి కబిస్థలం పంపించాడు. ఈ కథ చెప్పేవాళ్ళు నరసయ్య సత్యాన్ని పొగుడుతారు, మూపనార్ ఔదార్యాన్ని పొగుడుతారు. అప్పురాయర్‌ని డబ్బున్నవాడిగా వదిలేస్తారు. అది అన్యాయం. ఒక రాగం వినడానికి పరాయివాడి అప్పు తీర్చినవాడు రసికుడు కాకుండా ఎలా పోతాడు?

సొమ్ము కబిస్థలం చేరింది. మూపనార్ రసీదు రాసి పంపేయవచ్చు. అలా చెయ్యలేదు. పత్రం తీసుకుని, వచ్చిన డబ్బు తీసుకుని, తనే బయల్దేరి కుంభకోణం పందిరికి వచ్చాడు.

జనం దారి ఇచ్చారు. నరసయ్య లేచి నిలబడ్డాడు.

"ఇది తమ పత్రం," అన్నాడు మూపనార్. "ఇది వీరు పంపిన సొమ్ము. రెండూ తమవే."

"అదెలా? బాకీ మీది."

"అయ్యవారూ, తమరు వచ్చి చెయ్యి చాపితే ఇంతకి ఎన్నో రెట్లు ఇచ్చేవాణ్ణి. నా దగ్గర అడగడానికి తమకి మొహమాటం వేసింది. అప్పన్నారు. తాకట్టన్నారు. సరదాకి సరే అన్నాను. తమరు దాన్ని ఇంత నిష్ఠగా పట్టుకుంటారని నాకు తెలియలేదు. తమ పాట విన్నందుకు నేను తమకి ఇవ్వవలసింది చాలా ఉంది. అందులో కొంత ఇది అనుకోండి."

సరదాకి అన్న ఆ మాట మీద నేను చాలాసేపు ఆగాను. నిజంగా సరదాకేనా? పత్రం రాయించాడు కదా. నాకు తోచేదేమిటంటే, మూపనార్‌కి ఆ క్షణంలో నరసయ్య అభిమానం కనిపించింది. ఊరికే ఇస్తే తీసుకోడు. తీసుకున్నా దానం పుచ్చుకున్నట్టు కుంచించుకుపోతాడు. తన రాగానికి విలువ కట్టి, దాన్ని నమ్మి, పొలానికీ నగకీ రాసినట్టే పత్రం రాయిస్తే తలెత్తుకుని వెళతాడు. కాబట్టి రాయించాడు. ఒక విద్వాంసుడి విద్యని ఆస్తిగా గుర్తించి కరణం చేత కాయితం మీద పెట్టించడం కంటే పెద్ద సన్మానం ఏ శాలువాలో ఉంటుంది?

ఇంకో సంగతి కూడా ఉంది. కథ విన్నవాళ్ళు దాన్ని పట్టించుకోరు. కుదవ పెట్టిన నగని తీసుకున్నవాడు పెట్టుకోకూడదు. అది తాకట్టు ధర్మం. అన్ని రోజులూ నరసయ్య శంకరాభరణం పాడలేదంటే, అన్ని రోజులూ మూపనార్ కూడా వినలేదు. రాగం ఎవరి దగ్గర తాకట్టులో ఉందో ఆయనే పాడమని అడగకూడదు. అడిగితే, మా బాకీ వదిలేశాను పాడండి అన్నట్టవుతుంది. నరసయ్య అభిమానం దెబ్బతింటుంది. పక్క ఊరి రసికుడికి ఈ రాగం వినలేకపోవడం కొంత నష్టం. మూపనార్‌కి అది తాను రాయించిన పత్రంతో తానే తెచ్చుకున్న ఉపవాసం.

ఆ రాత్రి ఆయన తిరిగి వెళ్ళలేదు. ముందు వరసలో కూర్చున్నాడు.

నరసయ్య శ్రుతి మళ్ళీ సరిచూసుకున్నాడు. ఆ రోజుల్లో ఈ సంగీతానికి ఫిడేలు ఇంకా కొత్త, పక్కన నడిచే తీగె ఉండకపోవచ్చు. తంబురా, గొంతు. అంతే.

షడ్జం పట్టుకున్నాడు. తొందరపడలేదు. ఇన్నాళ్ళ ఆకలి ఉన్న గొంతు ఒక్కసారిగా తారస్థాయికి ఎగబాకుతుందని అనుకున్నవాళ్ళు ఆశ్చర్యపోయి ఉంటారు. స రి గ మ. మధ్యమం ఊగి, గాంధారం నిలబడింది. శంకరాభరణంలో గాంధారానికి ఒక నిబ్బరం ఉంది. కల్యాణిలో లాగా వంపులు తిరగదు. నిలుస్తుంది. మధ్యమం దాన్ని వచ్చి వచ్చి ముట్టుకుని పోతుంది. ఆయత్తంలో రెండు సంచారాలు పడేసరికి ఏ రాగమో చెప్పనక్కరలేదు. పందిట్లో వంటవాళ్ళకి కూడా తెలిసి ఉంటుంది.

తర్వాత గాంధారం మీద స్థాయి. కిందికి మంద్రానికి దిగి, ధైవతాన్నీ పంచమాన్నీ పలకరించి, మళ్ళీ గాంధారానికే. పైన పంచమం దాకా వెళ్ళి, మళ్ళీ గాంధారానికే. ప్రతిసారీ దారి వేరు, దిగేచోటు ఒకటే. మొదటిసారి మూడు స్వరాల్లో వచ్చాడు. రెండోసారి అరవై స్వరాల్లో వచ్చాడు. ఇదిగో ఇక్కడే మనోధర్మం అంటే ఏమిటో వినేవాడికి దొరుకుతుంది. ఎక్కడికి చేరతాడో మనకి తెలుసు. ఎలా చేరతాడో మనకీ తెలియదు, ఆయనకీ పూర్తిగా తెలియదు. చేరినప్పుడు ఇద్దరం కలిసి "ఆహా" అంటాం. కట్టిన కీర్తనలో ఆ ఆనందం గాయకుడికి పాతది, వినేవాడికే కొత్తది. ఆలాపనలో ఇద్దరికీ ఒకే క్షణంలో కొత్తది.

గాంధారం విడిచి పంచమం పట్టుకున్నాడు. పంచమం మీద నిలబడి పైనున్న నిషాదాన్ని ముట్టుకోబోయి, ముట్టుకోకుండా వెనక్కి వచ్చాడు. రెండోసారీ అంతే. మూడోసారి షడ్జం దాకా వెళ్ళి, 'స ని ప' అని వాలాడు. ఇన్నాళ్ళూ బిలహరి పాడుతూ, ఆరభి పాడుతూ పక్కకి తప్పించుకుంటూ వచ్చిన పట్టు అది. 'స ద ప' అని మరో వైపు నుంచి దిగాడు. పండితుల వరసలో ఎవరో గట్టిగా "భేష్" అన్నారు.

ఇవాళ కచేరీల్లో శంకరాభరణం వినడం అరుదేమీ కాదు. కానీ రెండున్నర గంటల కచేరిలో పన్నెండు పాటలు కుక్కి, ఆలాపనకి పది నిమిషాలు కొలిచి ఇస్తే, గాంధారం మీద నిలిచే తీరిక ఏ గాయకుడికి ఉంటుంది? స్థాయి పాడాలంటే ఆగాలి. ఆగితే సభ ఎక్కడ లేచిపోతుందో అని భయం. భయపడే గొంతు తెలిసిన పట్లనే వరసగా అప్పజెబుతుంది. మన ఊళ్ళల్లో త్యాగరాజ ఆరాధనలు ఏటా జరుగుతున్నాయి, పిల్లలు వందల్లో కీర్తనలు నేర్చుకుంటున్నారు. సంతోషం. వాళ్ళని ఏడాదికి ఒక్కసారైనా ఒకే రాగంలో ఒక గంటసేపు కూర్చోబెట్టండి. చెప్పిందే చెప్పనివ్వండి, తడబడనివ్వండి. సొంత శంకరాభరణం అంటూ ఒకటి ఏర్పడేది అక్కడే.

నరసయ్య తారస్థాయి గాంధారం మీద ఊపిరి ఉన్నంతసేపు ఉన్నాడు. అక్కణ్ణుంచి మకరిణి. మూడు స్థాయిల్లో గొంతు మెరుపులా తిరిగింది. ఒక్కో గుత్తి విప్పుతూ, మధ్యలో ఎక్కడా బిలహరి గట్టు కానీ కేదారం గట్టు కానీ తొక్కకుండా, మంద్ర షడ్జానికి దిగి ముక్తాయి పలికాడు. ఒక్క క్షణం ఆగాడు. తానం ఎత్తుకున్నాడు. అనంతం, ఆనందం అనే అక్షరాలు లయ పట్టుకుని నడిచాయి. తాళం లేకుండానే తొడల మీద వేళ్ళు కదిలాయి. ఆ తర్వాత పల్లవి. ఒకే పంక్తి. దాన్ని తిప్పి తిప్పి, సాహిత్యం చెదరకుండా కొత్త కొత్త సంగతుల్లో పోస్తూ, కాలం పెంచుతూ, తగ్గిస్తూ.

పల్లవి ముగింపుకి వచ్చింది. వింటున్నవాళ్ళు అయిపోయిందనుకుని సర్దుకుంటున్నారు. అప్పురాయర్ తాంబూలం పళ్ళెం కోసం చెయ్యి చాపాడు.

"అప్పుడేనా?" అని ముందు వరసలోంచి గట్టిగా ఒక గొంతు. మూపనార్. పత్రం తిరిగి ఇచ్చేసినవాడికి ఇప్పుడు అడిగే హక్కు వచ్చింది. "స్వరం కూడా పాడండి అయ్యవారూ! ఎన్నాళ్ళయిందో తెలుసా నేను విని?"